ఉతికిన కోటు

ఎందుకు ఉతికావమ్మా అని అడగని మనిషి లేడు. లాయరమ్మ అడిగింది, ఆవిడ దగ్గర గుమాస్తా అడిగాడు, తోడికోడలు అడిగింది, ఆఖరికి వీధి చివర టీ కొట్టువాడు కూడా అడిగాడు, వాడికెందుకట మధ్యలో. అడిగిన ప్రతివాళ్ళ మొహంలోనూ అదే జాలి, ఆ జాలి కింద అదే మాట, ఓసి తెలివితక్కువదానా అని. ఇప్పుడీ లాయరమ్మ ఆఫీసు ముందుగదిలో, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీలో, ఆ ఉతికిన కోటునే సంచీలో పెట్టుకుని, సంచీని ఒళ్ళో పెట్టుకుని ఆమె కూర్చుంది. కదిలితే కుర్చీ టక్కుమంటోంది, టక్కుమన్నప్పుడల్లా గుమాస్తా తలెత్తి చూస్తున్నాడు, కుర్చీని ఆమే విరగ్గొట్టినట్టు. కాళ్ళు విరిగినవాళ్ళూ చేతులు పోయినవాళ్ళూ వచ్చి కూర్చునే చోట కుర్చీకి ఒక కాలు సరిచేయించలేరా వీళ్ళు? లాయరమ్మ కోర్టులో ఉందన్నాడు, కాసేపయ్యాక దారిలో ఉందన్నాడు, ఇదిగో మలుపులో ఉందన్నాడు, ఆ మలుపు ఏ సముద్రానికి అవతల ఉందో మరి. బల్ల మీద గాజు బిళ్ళ కింద కాగితం ఉంది, అది ఆమె కోసమే. మొగుడు తనంతట తనే జారిపడ్డాడని, లారీ అతన్ని తాకనే లేదని, అయినా కంపెనీవాళ్ళు జాలిపడి ఏదో ఇస్తున్నారని, ఇక దీని గురించి ఎన్నడూ నోరెత్తమని. ఇవాళ సంతకం పెడితే సరేసరి, లేకపోతే ఆ జాలి కూడా ఉండదట. జాలికి గడువుంటుందని ఆమెకు ఇంత వయసొచ్చాక తెలిసింది.

జారిపడ్డాడట! ఆస్పత్రి వెనక గేటు దగ్గరి ఆ సిమెంటు అరుగు ఆయనకి సొంత వాకిలికంటే ఎక్కువ. పెళ్ళయినప్పట్నుంచీ ఇద్దరిదీ అదే పని, ఆస్పత్రి దుప్పట్లూ కోట్లూ ఆయన మూటలు కట్టి మూడుచక్రాల బండిలో వేసుకు రావడం, ఆమె లాండ్రీలో ఉతికి ఇస్త్రీ చేయడం, మళ్ళీ ఆయన మోసుకెళ్ళి అప్పజెప్పడం. వానకి అరుగు పాచిపట్టినా, చీకట్లో కరెంటు పోయినా, జ్వరంతో ఒళ్ళు తూలినా జారని మనిషి, ఫెళ్ళున ఎండ కాస్తున్న పొద్దున, పొడి నేల మీద జారాడట. మరి అప్పుడు లారీ ఏం చేస్తోందయ్యా అంటే నిలబడి ఉందట, బుద్ధిగా, చేతులు కట్టుకుని. ఆయన పడ్డాక పక్కనున్న ఆక్సిజన్ సిలిండరు దొర్లొచ్చి కాలి మీద పడిందట. ఆ సిలిండర్లు తెచ్చిందెవరు, ఆ లారీయే కదా. లారీని వెనక్కి తీస్తున్నప్పుడు వెనకాల ఒక మనిషి నిలబడి రానీ రానీ అనాలి, ఆ మనిషేడి? గేటు కాపలావాడు టీకి వెళ్ళాడు. గేటు మీది కెమెరా గోడను చూస్తూ కూర్చుంది. పోలీసాయన వచ్చి, అన్నీ విని, రాసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చూసినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు, తలకి తగిలిన దెబ్బతో ఆయనకేమో ఆ పొద్దున పొద్దంతా తుడిచిపెట్టుకుపోయింది. బండి దిగడం గుర్తుంది, ఆ తర్వాత ఆస్పత్రి మంచం గుర్తుంది. కుడికాలు మోకాలి కింద తీసేశారన్న సంగతి మాత్రం నిద్రలేచి మంచం దిగబోయిన ప్రతిసారీ కొత్తగా గుర్తొస్తుంది పాపం.

చూసింది ఒక్కటే, ఆ కోటు. ఆస్పత్రి బట్టలు ముట్టుకునేవాళ్ళు తెల్లకోటు వేసుకోవాలని అక్కడి రూలు. మోకాళ్ళదాకా వేలాడే ఆ కోటంటే ఆయనకి భలే గొప్ప, చూడవే నేనూ డాక్టర్నే అనేవాడు, అవును పెద్ద డాక్టరువి, ముందు ఆ మూట దించు అనేది ఆమె. ప్యాంటు కత్తిరించి పారేశారు, కోటు మాత్రం నర్సు ఒక కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చింది. కుడి అంచు నుంచి జేబుదాకా, నల్లగా, జానెడు వెడల్పున, మెలికలు మెలికలుగా లారీ చక్రం అచ్చు గుద్దినట్టు పడి ఉంది. కళ్ళారా చూసింది. చూసి ఉతికేసింది. ఆ సంగతి తలుచుకుంటే చాలు, ఒళ్ళంతా కారం రాసుకున్నట్టవుతుంది. ఇంకెవరైనా అయితే ఉతకడం చేతకాక వదిలేసేవాళ్ళు, ఎంత రుద్దినా ఆ నల్లచార కాస్తయినా మిగిలేది. ఈమె చేతిలో పడ్డాక మరక మిగలడమేమిటి! నర్సులు ఆమెకి పెట్టిన పేరే మరకల డాక్టరమ్మ. నెత్తురుకి చన్నీళ్ళు, పొరపాటున వేడినీళ్ళు పోశావా పట్టేసుకుంటుంది. నలుపుకి కిరసనాయిలు గుడ్డ, తర్వాత సబ్బు, తర్వాత మళ్ళీ సబ్బు, తర్వాత ఎండ. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి, మనసు ఇంకా ఆపరేషన్ గది తలుపు దగ్గరే ఉంటే చేతులు తొట్టి దగ్గర ఉన్నాయి. కాలు తెచ్చివ్వలేని చేతులు కోటునైనా బాగుచేద్దామనుకున్నాయేమో, ఆ చేతుల్ని ఇప్పుడు ఈ బల్లకేసి బాదుకోవాలనిపిస్తోంది. మల్లెపువ్వులా ఉతికింది. ఇస్త్రీ కూడా చేసింది, అదీ చెప్పాలి, గుండీలన్నీ పెట్టి మరీ చేసింది.

లాయరమ్మ మొదటిరోజు ఆ కోటు విప్పి, వెలుతురుకి పట్టుకుని, తిప్పి చూసి, నెమ్మదిగా మడిచి ఇచ్చేసింది. మనిషి మంచిదే, అరవలేదు, తిట్టలేదు, నుదురు నొక్కుకుంది అంతే. తిట్టినా బాగుండేది. మరక కనబడితే ఊరుకోలేనమ్మా, అంది ఆమె, అదొక్కటే అనగలిగింది. బయటికొచ్చాక గుమాస్తా మెట్ల దాకా సాగనంపుతున్నట్టు వచ్చి, గొంతు తగ్గించి, అలాంటి కోట్లు మీ లాండ్రీలో బోలెడుంటాయి కదమ్మా, లారీ చక్రాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏమంటారు, అన్నాడు. ఏమంటుంది, చెప్పుతో కొట్టాలనిపించింది. అబద్ధం చెప్పడానికి ఆ కంపెనీవాళ్ళు చాలరా, మళ్ళీ నేను కూడానా? ఉన్న నిజాన్ని నీళ్ళలో కలిపేసి, ఇప్పుడు లేనిదాన్ని బురదలో ముంచి తేవాలా? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు అనుకుంటూ ఇంటికెళ్ళింది. పైగా ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వీధిలో ఆగి ఉన్న లారీ చక్రం వైపు చూసింది కూడా, ఆ చూసినందుకు గుమాస్తా మీద ఇంకా కోపం.

వీటన్నిటికంటే కడుపు మండేది ఆయన మాటకి. ఎంత కోపిష్టి మనిషి! ఎదురుగా ఎవడైనా హారన్ కొడితే చాలు, బండాపి దిగి వాడి ఏడుతరాలనీ పలకరించి వచ్చేవాడు. అలాంటివాడు గోడవైపు తిరిగి పడుకుని, నిన్న సాయంత్రం, నేనే పడ్డానేమోనే, అన్నాడు. ఊరికే అన్నాడనుకుంది. మళ్ళీ అన్నాడు. అందరూ అంటున్నారు కదా, అంతమంది అబద్ధం చెప్తారా, కాలి చెప్పులు రెండూ కొత్తవి ఆరోజు, జారి ఉంటాయి. చెప్పులు కొత్తవి కావు. ఆమెకి తెలుసు, వాటికి రెండుసార్లు కుట్లు వేయించింది. అదే చెప్పింది. అయితే నా బుద్ధే ఎక్కడో ఉండి ఉంటుంది, నిన్నిలా వీధులపాలు చేశాను, సంతకం పెట్టేసెయ్యి, గొడవ వదులుతుంది, అన్నాడు. కాలు తీసుకున్నది చాలక మనిషిలోపలికి దూరి అక్కడ కూడా అబద్ధం రాస్తున్నారు వీళ్ళు. రేపు పిల్లలడిగితే నాన్న జాగ్రత్తలేక పడ్డాడని ఆయనే చెప్తాడు. పోయిన కాలికి తనే తప్పు ఒప్పుకుని, బతికినన్నాళ్ళూ ఆ మంచానికి క్షమాపణ చెప్పుకుంటూ పడుంటాడు. కోటు ఉన్నదున్నట్టు ఉంటే ఆయన మొహం మీద పరిచి, చూడు, ఇదిగో, దీని మీదుగా ఎక్కింది, అని చూపించేది. కోటు ఉంది, సంచీలో ఉంది, ఇంకా సబ్బు వాసన వేస్తోంది.

ఎందుకు ఉతికావని అడగని మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. రుమాలాయన. కాలరు మాయకుండా మెడ చుట్టూ రుమాలు దోపుకుంటాడు, బట్టలతో బతికే మనిషికి ముందు అదే కనబడుతుంది కదా. ఆపరేషన్ అయిన మర్నాడు స్నానానికని ఇంటికొచ్చి లాండ్రీ తలుపు తీసేసరికి వాకిట్లో నిలబడి ఉన్నాడు, చేతిలో పళ్ళసంచీ. ఆ లారీ కంపెనీలోనే పనిచేస్తానక్కా, కానీ నేను కంపెనీ మనిషిగా రాలేదు, మీ ఇంటి మనిషిననుకోండి, అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. పిల్లలేం తిన్నారని అడిగాడు, తోడికోడలైనా అడగని మాట. అరమీద కవరు చూసి, అవి బావగారి బట్టలా అక్కా, అన్నాడు, బావగారు అన్నాడు. నెత్తురు బట్టలు అలా ఇంట్లో ఉంచకూడదు, పిల్లలు చూశారంటే జన్మలో మరిచిపోరు, మీకు నేను చెప్పాలా, మీ చేతిలో పనే కదా. ఆమె కవరు విప్పి కోటు తీసి, ఆ నల్లచార చూసి కూలబడిపోతే, మీరు కూర్చోండక్కా, నీళ్ళు నేను పోస్తాను, అని చొక్కా చేతులు మడుచుకుని, తనే బకెట్టు ముంచి ముంచి పోశాడు. నీళ్ళు ఎర్రగా పోయి, నల్లగా పోయి, తేటగా అయ్యేదాకా పోశాడు. ఆపద వేళ పక్కన నిలబడి నీళ్ళందించిన మనిషి. టీ పెట్టిచ్చింది. తడిసిన ఆయన రుమాలు ఇస్త్రీ చేసిచ్చింది. లాయరమ్మకి ఆయన సంగతి చెప్పలేదు, చెప్పాలనే తోచలేదు. ఆయన ఉతకమని బలవంతపెట్టలేదు కదా, ఉతికింది తనూ, తన పాడు చేతులూ. ఆ కంపెనీ మొత్తంలో ఒక్క మనిషి పుట్టుక పుట్టినవాణ్ణి ఈ రొంపిలోకి ఎందుకు లాగడం అనుకుంది.

వాకిలి దగ్గర ఎవరో దగ్గారు. పెద్దాయన, చొక్కా జేబులో చెక్కపెన్సిలు, మోచేతుల మీద రంపపు పొట్టు, వడ్రంగి అని చెప్పకుండానే తెలుస్తోంది. గుమాస్తా ఆయనతో కూడా మలుపు కథే చెప్పాడు. పెద్దాయన వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు, ఆమె కుర్చీ టక్కుమనగానే వంగి దాని కాలికేసి చూశాడు. "ఒక్కసారి లే తల్లీ," అన్నాడు. జేబులోంచి అట్టముక్క తీసి, మడిచి, కాలి కింద దోపి, చేత్తో ఊపి చూసి, "ఊ, కూర్చో," అన్నాడు. ఇన్ని రోజులకి ఎవరో ఒకరు ఏదో ఒకటి సరిచేశారు, ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది, ఏడుపు రాబోయినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

"మీ ఇంట్లోనూ లారీయేనా?" అడిగాడు పెద్దాయన.

"మా ఆయన. కాలు తీసేశారు. మీకు?"

"మా అమ్మాయి. స్కూటరు మీద పనికి పోతుంటే వెనకనుంచి గుద్దేశాడు. నడుం దెబ్బతింది, ఇంకా లేవలేదు. నీలం లారీలు లేవూ, సిలిండర్లు మోసేవి, అవే."

అవే అన్నమాట. ఆమె సంచీని దగ్గరికి లాక్కుంది. ఆ లారీలు ఎన్ని ఇళ్ళ మీద నుంచి పోతున్నాయో అనుకుంది, ఈయన కూడా ఏదో కాగితం మీద వేలిముద్ర వేయడానికే వచ్చాడు కాబోలు అనుకుంది. పెద్దాయన మాత్రం మాటల మనిషి, ఎవరో ఒకరు దొరికితే చెప్పుకోవాలని ఉన్నవాడు.

"లాయరమ్మ నామీద కోప్పడింది తల్లీ. స్కూటరు ఎందుకు బాగుచేయించావయ్యా అని. నేనెక్కడ చేయించాను! ఆ కంపెనీలోనే ఒక మంచి మనిషున్నాడులే, పుణ్యాత్ముడు, ఆయనే చేయించాడు. అమ్మాయి ఇంటికొచ్చేసరికి బండి ఇలా వంకరపోయి కనబడితే బెదిరిపోతుంది పెద్దాయనా, నాకివ్వండి, అని తీసుకుపోయాడు. సొట్టలన్నీ తీయించి, రంగు వేయించి, కొత్తదానిలా తెచ్చి వాకిట్లో పెట్టాడు. వెనకాల లారీ నీలం రంగు ఇంత మేర అంటుకుని ఉండేది, అది కూడా ఆనవాలు లేకుండా పోయింది. డబ్బు ముట్టుకోలేదు. ఊరికే పంపడం ఇష్టం లేక నా చేత్తో చేసిన స్టూలొకటి ఇచ్చి పంపాను."

ఆమెకి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడింది, బకెట్టు తొట్టి అంచుకి తగిలిన చప్పుడు.

"ఎలా ఉంటాడాయన?"

"ఎలా అంటే, మర్యాదగా ఉంటాడు. మెడకి రుమాలు కట్టుకుంటాడు. మాటకి ముందు, మీ ఇంటి మనిషిననుకోండి, అంటాడు."

మీ ఇంటి మనిషి. మీ ఇంటి మనిషిననుకోండక్కా. బకెట్టు ముంచడం, పోయడం, ముంచడం, పోయడం, ఆ చొక్కా చేతులు ఎంత శ్రద్ధగా మడిచాడు, తొట్టిలోకి ఎంత వంగి చూశాడు, నెత్తురు పోతోందా అని కాదు, నలుపు పోతోందా అని. అక్కడ ఇంకొంచెం ఉందక్కా, జేబు దగ్గర, అన్నాడు. అన్నాడు! ఆ మాట ఇన్నాళ్ళు ఎక్కడ దాక్కుంది? వేలు పెట్టి చూపించాడు, ఈమె కిరసనాయిలు గుడ్డ తీసుకుని ఆ వేలు చూపించిన చోటే రుద్దింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే వినడమే కానీ, ఆ గుడ్డని తన చేతికే ఇచ్చి కోయిస్తారని ఎవరనుకుంటారు. ఆమె పనితనాన్ని చూసి వచ్చాడు వాడు. ఊళ్ళో ఇంకెవరింట్లో ఆ కోటు ఉన్నా వాడి పని అయ్యేది కాదు, ఎత్తుకుపోతే దొంగతనం, కాలిస్తే నేరం, ఉతికిస్తే దయ. వడ్రంగి దగ్గర ఇంకో దయ, కూతురు బెదిరిపోతుందన్న దయ. ఎవరి ఇంట్లో ఏ ప్రేమ ఉందో చూసుకుని, దానికి తగిన బకెట్టు పట్టుకుని వస్తాడన్నమాట. పిల్లలేం తిన్నారని అడిగాడు వెధవ. దానికి ఆమె కరిగిపోయింది. టీలో చక్కెర సరిపోయిందా అని కూడా అడిగింది వాణ్ణి, రుమాలుకి మడత నలగకుండా ఇస్త్రీ చేసింది. ఇన్ని రోజులూ రాత్రిళ్ళు తన చేతుల్ని తను తిట్టుకుంది, అద్దంలో మొహం చూసుకోలేదు, మొగుడి ఎదుట దొంగలా తిరిగింది, ఆయన నేనే పడ్డానేమో అంటుంటే గట్టిగా కాదని చెప్పే హక్కు కూడా తనకి లేదనుకుంది, సాక్ష్యం పోగొట్టినదానికి మాటేమిటని. ఆ ఏడుపంతా, ఆ సిగ్గంతా వాడిది. వాడు మోయాల్సింది ఈమె మోసింది. అసలు లారీ కంటే వీడే ఎక్కువ తొక్కాడు.

"పెద్దాయనా," అంది. "ఆ పుణ్యాత్ముడే మా ఇంటికీ వచ్చాడు. మా ఆయన కోటు మీద చక్రం గుర్తుంటే, దగ్గరుండి నాచేత ఉతికించి పోయాడు."

పెద్దాయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత కళ్ళజోడు తీశాడు, తుడుచుకోకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "మరి నేను స్టూలిచ్చానే వాడికి," అన్నాడు చిన్నపిల్లాడిలా. "టేకుది. నా కూతురి కోసం దాచుకున్న చెక్క." ఆ మాటకి ఆమెకి నవ్వు, కోపం, దుఃఖం అన్నీ ఒక్కసారే వచ్చాయి, వాటిల్లో కోపమే గెలిచింది.

లాయరమ్మ వచ్చింది. ఫైళ్ళు బల్లమీద పడేసి, చెమట తుడుచుకుంటూ, ఆలస్యమైందమ్మా, రండి, అని గాజు బిళ్ళ కింద కాగితం తీసి, పెన్ను మూత తీసి పట్టుకుంది. "నేనైతే పెట్టమని బలవంతం చేయను. కానీ మన చేతిలో ఏమీ లేదు. చదివి వినిపించనా?"

"వద్దు," అంది ఆమె, కూర్చోకుండా. సంచీలోంచి కోటు తీసి కాగితం మీద పడేసింది. "ఉతికింది నేనే. ఆ మాట ఎక్కడైనా చెప్తాను. దగ్గరుండి నీళ్ళు పోసింది వాళ్ళ మనిషి, ఆ మాట కూడా చెప్తాను. జేబు దగ్గర ఇంకా ఉందని వేలుపెట్టి చూపించింది వాడే. లారీ తాకనే లేకపోతే నా మొగుడి కోటు మీద వాడికేం పని? ఇదిగో, ఈ పెద్దాయన కూతురి స్కూటరుకి రంగు వేయించిందీ వాడే. పెద్దాయనా, లోపలికి రండి, చెప్పండి."

గుమాస్తా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లాయరమ్మ ఒకసారి ఆమెని, ఒకసారి వడ్రంగిని చూసి, పెన్ను మూత పెట్టింది. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా ఇది?"

"మంచివాడనుకున్నాను."

లాయరమ్మ కోటు కింది నుంచి కాగితం లాగి పక్కన పెట్టింది. "మీ ఇద్దరే కాకపోవచ్చు," అంది తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు. "వెతకాలి. కానీ ఒక్కమాట, ఇది కోర్టులో నిలుస్తుందని నేను మాటివ్వలేను. ఏళ్ళు పట్టొచ్చు. చాలకపోవచ్చు."

"చాలకపోనీ," అంది ఆమె. అప్పటికే ఫోను తీసింది. అటువైపు చాలాసేపు మోగింది, మంచం మీద నుంచి అందుకోవడానికి ఆయనకి టైం పడుతుంది, ఆ మోగినంతసేపూ ఆమె లాయరమ్మ మొహంలోకే చూస్తూ నిలబడింది, ఎవరైనా ఆపుతారేమో చూద్దామన్నట్టు. ఎవరూ ఆపలేదు.

"పెట్టేశావా సంతకం?" అన్నాడాయన.

"లేదు. నువ్వు పడలేదు."

అటు మంచం కిర్రుమంది.

"వింటున్నావా? నువ్వు జారలేదు, పడలేదు. లారీ ఎక్కింది నీమీద. ఎక్కిందని వాళ్ళకి ముందునుంచీ తెలుసు, తెలిసే కోటు ఉతికించారు."

దిండు సర్దుకుని లేచి కూర్చుంటున్న చప్పుడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడాయన.

"నువ్వు పడలేదు," అందామె, ఈసారి వీధిలోకి వినబడేలా.